ఒంటి ఫోటో లేని మనిషి

“అన్నా, నాయన ఫోటో ఒకటి కావాల. ఆయనొక్కడే ఉండేది.”

ఆళ్ళగడ్డ నుంచి పెద్దనాయన కూతురు ఫోన్ చేసి అడిగింది. మొన్ననే ఆయన్ని మట్టి చేసి వచ్చాం. దినం నాటికి ఫ్లెక్సీ వేయించాలట.

“మా ఫోన్లలో యాడా లేదన్నా. నీ కాడ పెద్ద కంప్యూటరుండాది గదా, అన్నీ దాంట్లోనే దాచిపెట్టినావంట గదా. బిరీన పంపు. ఫ్లెక్సీ కొట్టే ఆయప్ప ఇప్పుడే ఇయ్యమంటాండాడు.”

పంపుతాలేమ్మా అన్నాను, చాలా ధీమాగా. ధీమా ఎందుకుండదు? నంద్యాలలో మా ఇంటి వెనక గదిలో, మా నాయన ఒకప్పుడు విత్తనాల మూటలు వేసుకున్న చోట, నేను సొంతంగా కట్టుకున్న సర్వర్ ఉంది. ఒక మనిషి మొహం చూపిస్తే చాలు, ఆ మనిషి ఉన్న ఫోటోలన్నీ రెప్ప వేసేలోగా ముందు పరుస్తుంది. అంత వేగం రావడానికి ఏ మెమరీ కావాలి, ఏ డిస్కులు కావాలి అని కొన్ని నెలలు తిండి మీద కూడా ధ్యాస లేకుండా తిరిగినవాణ్ణి నేను. ఆ రోజు కూడా రెప్ప వేసేలోగా పరిచింది. ఫోటోలు బోలెడు. ఒక్కదాంట్లోనూ ఆయన ఒక్కడే లేడు.

ప్రతి దాంట్లోనూ పక్కన ఎవరో ఒకరున్నారు. మనిషి, మనిషి లేకపోతే ఎద్దు. ఈయన మాత్రం ఎప్పుడూ వాళ్ళకు ఎడమ పక్కనే ఉన్నాడు.

ఆయన్ని నేను పెద్దనాయనా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళది శిరివెళ్ల దగ్గర పల్లెలో తరాల నుంచి సేద్యం చేసుకుంటున్న ఇల్లు, మాది నంద్యాలలో విత్తనాల అంగడి. శనగ విత్తనాలకని వచ్చి, మా నాయనతో మాటల్లో పడి, మా ఇంట్లోనే అన్నం తిని సాయంత్రం బస్సుకు పోయేవాడు. మా నాయన పోయాడు, అంగడి మూతపడింది, నేను ఇంట్లో కూర్చుని ఎక్కడో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేయడం మొదలుపెట్టాను. ఆయన రావడం మాత్రం మానలేదు. విత్తనాలు లేకపోయినా మా ఇంట్లో అన్నమైతే ఉంది కదా.

ఆయన పని జతలు వెదకడం. పని అంటే దాని మీద బతికాడని కాదు, పొలం ఉన్న మనిషే. అదొక పిచ్చి. సేద్యానికి ఎద్దులు జోడుగా ఉంటేనే పని జరుగుతుంది. జోడులో ఒకటి చచ్చిపోతే మిగిలింది ఒంటెద్దు, దానికి మేత దండగ. అట్లా ఒంటెద్దు మిగిలిన రైతు ఈయన దగ్గరికొచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఈయన కళ్ళు మూసుకుని, మనసులోనే శిరివెళ్ల నుంచి బయలుదేరి, కోయిలకుంట్ల మీదుగా డోన్ దాకా ఊరూరా తిరిగేవాడు.

“కోయిలకుంట్ల అవతల ఒకటుండాది. తెల్లది, కొమ్ములు మీదికి. కానీ అది తొందరమనిషి. నీది నిదానం. కుదరదు. డోన్ పక్క ఇంకోటుండాది, రేపు పొయ్యి చూస్తాం పా.”

ఎద్దును ఆయన మనిషి అనే అనేవాడు. మనుషుల్ని మాత్రం ఎద్దును చూసినట్టే చూసేవాడు. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ముందు కాళ్ళు చూసేవాడు, మొహం తర్వాత. సంతలో అబ్బిన అలవాటు. పెళ్ళి సంబంధాలు కూడా చూడరాదా అని ఎవరైనా అడిగితే, “మనుషుల జత నేను చూడనప్పా, పండ్లు చూడనీరు” అనేవాడు. ఎద్దు వయసు పండ్లు చూసే చెబుతారు కాబట్టి అది ఆయన జోక్ అని మేమంతా నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవాడు కాదు.

జత దొరకని ఎద్దులు కొన్ని ఉండేవి. వాటిని ఆయనే తోలుకుపోయేవాడు. వాళ్ళ కొట్టం నిండా అట్లాంటివే, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి కుంటి. ట్రాక్టర్లు వచ్చాక ఆయన దగ్గరికి వచ్చే రైతులు తగ్గిపోయారు. చివరి రోజుల్లో తిరునాళ్ళలో బండలాగుడు పందేలకు జోడు కట్టేవాళ్ళు తప్ప ఇంకెవరూ అడిగేవాళ్ళు లేరు. దాంతో ఆయన ప్రతి వస్తువుకూ జత చూడటం మొదలుపెట్టాడు. మా ఇంటికొస్తే గుమ్మం ముందు చెప్పులన్నీ జతలు చేసి పెట్టి గానీ లోపలికి వచ్చేవాడు కాదు.

టీ కొట్టులో ఎప్పుడూ రెండు టీలు చెప్పేవాడు. తోడుంటే సరే. లేకపోతే రెండో గ్లాసు చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి చూసి, “ఓ పెద్దాయనా, రా, టీ తాగుదువు” అని పోయేవాణ్ణి పిలిచేవాడు. ఆళ్ళగడ్డ బస్టాండు ఎదురుగా ఉన్న టీ కొట్టులో ఆయన చేతి టీ తాగనివాడు లేడంటే అతిశయోక్తి కాదు. కొందరు బస్సు పోతుందని విదిలించుకుని పారిపోయేవాళ్ళు. అప్పుడు ఆయన మొహం చిన్నబోయేది.

నడిచేటప్పుడు మన ఎడమ పక్కకే వచ్చేవాడు. మనం పొరపాటున అటు పోతే మన వెనకగా తిరిగి మళ్ళీ ఎడమకే చేరేవాడు. జోడులో ఎడమ పక్కన కట్టే ఎద్దును దాపటిది అంటారు, కుడి పక్కది వలపటిది. ఏ పక్క అలవాటు చేస్తే అది జన్మంతా ఆ పక్కే. “నేను దాపటోణ్ణప్పా” అనేవాడు. ఫోటో తీస్తామని ఎవరైనా ఫోన్ ఎత్తితే చాలు, దగ్గరలో ఉన్నవాణ్ణి రెక్క పట్టుకుని లాగేవాడు. “రా, జతకు నిలబడు.” ఆ పక్కవాడికి ఈయనెవరో తెలియాలన్న నియమం ఏమీ లేదు.

ఇప్పుడు నా సర్వర్ సంగతి చెప్పాలి. చెబితే నా పరువు పోతుంది, చెప్పకపోతే ఆయన మీకు అర్థం కాడు.

మా ఆవిడ అడిగింది చిన్న విషయం. పాప ఫోటోలు, వీడియోలు నా ఫోన్లో కొన్ని, తన ఫోన్లో కొన్ని, ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న చోట కొన్ని ఉన్నాయి, అన్నీ ఒకచోట పెట్టు అంది. ఇంకొకడైతే ఒక డిస్కు కొని కాపీ చేసి పడుకునేవాడు. నేను పరిశోధన మొదలుపెట్టాను. పాత తరం మెమరీయా కొత్త తరం మెమరీయా, తిరిగే డిస్కా తిరగని డిస్కా, ఒక్క క్షణానికి ఎంత చదువుతుంది, ఎంత రాస్తుంది. ఎక్కడెక్కడి వీడియోలన్నీ చూశాను. ముక్కూమొహం తెలియని వాళ్ళతో ఇంటర్నెట్‌లో గొడవలు పడ్డాను. తిరిగే డిస్కు చవక, నిదానంగా పనిచేస్తుంది, ఫోటోలకు అది ధారాళంగా చాలు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నాకు వేగం కావాలి.

“ఫోటో బేగా తెరుచుకుంటే ఏం జేస్తావు? బేగా చూసి బేగా మూస్తావా?” అంది మా ఆవిడ. దీని గురించి నీకు తెలియదులే అన్నాను.

పెద్దనాయన అన్నం తింటూ విన్నాడు. “ఏం పెడతావప్పా దాంట్లో?”

“ఫోటోలు, పెద్దనాయనా.”

“ఫోటోలు యాడికన్నా పరిగెత్తుతాయా?”

“పరిగెత్తవు. కానీ...”

“మరి ఏంటికి అంత బేగా?”

నేను వివరించాను. ఆయన మజ్జిగ పోసుకుని సాంతం విన్నాడు. చివరికి అర్థమైంది ఒక్కటే, కొనేవి జతలుగా ఉంటాయని. వెంటనే చెయ్యి కడుక్కున్నాడు. “జత కొనేటప్పుడు నేను లేకుండా కొన్నావంటే మీ నాయన నన్ను ఏమనుకుంటాడు?” మా నాయన పోయి చాలా కాలమైంది. అయినా చెప్పులు వేసుకున్నాను.

నంద్యాల బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపుకు పోయాం. షాపతను కుర్రవాడు, నేనంటే కొంచెం భయం. ఏమీ కొనకుండా గంటలు గంటలు ప్రశ్నలడిగే మనిషినని. ఆ రోజు నా వెనక పంచె, భుజాన తువ్వాల, చేతిలో కర్రతో ఇంకొకాయన కూడా దిగేసరికి లేచి నిలబడ్డాడు. పెద్దనాయన ముందు అతని కాళ్ళు చూశాడు.

మెమరీ ముక్క చేతికిచ్చాను. వేలెడు పొడుగు పచ్చని పలక, అంచున బంగారు రంగు గీతలు వరసగా. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి అంచును వేలితో తడిమాడు.

“పండ్లు బాగుండాయి. ఇంకోటి యాడ?”

“ప్రస్తుతానికి ఒకటే, పెద్దది. రెండో చోటు ఖాళీగా పెట్టుకుంటే తర్వాత కావాలంటే...”

“ఒంటెద్దును కడతావా?”

షాపతను మెల్లగా, “పెద్దాయన చెప్పింది కరెక్టే సార్. చిన్నవి రెండు జతగా పెడితేనే స్పీడ్ వస్తాది” అన్నాడు. ఆ విషయం నాకూ తెలుసు. నాకు వేరే ప్లాన్ ఉంది. ఆ ప్లాన్ వినడానికి షాపులో ఎవరూ సిద్ధంగా లేరు. పెద్దనాయన అప్పటికే అతని పక్కకు పోయి, “వీటిల్లో దాపటిది ఏది, వలపటిది ఏది?” అని అడుగుతున్నాడు. అట్లా ఏమీ ఉండదని చెబితే ఆయన ఒప్పుకోలేదు. ఒకదాని మీద గోటితో చిన్న గాటు పెట్టి, ఇది దాపటిది, ఎప్పుడు పీకినా మళ్ళీ ఈ పక్కే పెట్టు అన్నాడు. నేను ఇప్పటికీ ఆ పక్కే పెడుతున్నాను. ఎందుకని అడక్కండి.

తర్వాత డిస్కులు. ఇక్కడే నా కొంప మునిగింది.

రెండు డిస్కుల్లోనూ ఒకే సరుకు ఉంటుంది పెద్దనాయనా, ఒకటి పోయినా రెండోదాంట్లో క్షేమంగా ఉంటుంది అని చెప్పాను. ఆ ఆలోచన ఆయనకు ఎంత నచ్చిందో చెప్పలేను. కంప్యూటర్ల వాళ్ళ మీద మొదటిసారి గౌరవం కలిగినట్టు షాపంతా ఒకసారి కలియజూశాడు. “అయితే రెండూ ఒక ఈతవి ఉండాల” అన్నాడు. ఒకే కాన్పులో పుట్టినవి ఒకే తీరుగా నడుస్తాయని ఆయన సిద్ధాంతం.

నా సిద్ధాంతం దానికి సరిగ్గా తలకిందులు. నా సిద్ధాంతమేమిటి, ఈ విద్య తెలిసిన వాళ్ళందరిదీ అదే. ఒకే రోజు ఒకే చోట తయారైన డిస్కులు ఒకేసారి చెడిపోయే ప్రమాదం ఉంది, అందుకని వేరే వేరే కంపెనీలవి కొనాలి. ఈ సలహా నేను ఇంటర్నెట్‌లో ఎవరికో చాలా పెద్దరికంగా ఇచ్చాను కూడా. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే షాపతను రెండు డబ్బాలు తెచ్చి, వాటి మీద నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఉన్నాయని చూపించాడు. పెద్దనాయన భుజం మీద తువ్వాల తీసి అతని కుడి చేతి మీద కప్పాడు.

సంతలో ఎద్దుల బేరం అట్లాగే జరుగుతుంది. తువ్వాల కింద ఇద్దరూ చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఏం ధర నడుస్తుందో తెలియదు. దానికొక మర్యాద ఉంది. చేతులు తువ్వాల కింద ఉన్నంతసేపు పక్కవాళ్ళు నోరెత్తకూడదు. ఎత్తితే బేరం చెడ్డట్టే, చేయించిన మనిషికి తలవంపులు. నేను అంగళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ మర్యాద నాకు పాలతో వచ్చింది. తెరిచిన నోరు మూసుకున్నాను.

షాపతనికి ఏమీ అర్థం కాలేదు. వేళ్ళు నొక్కుతుంటే తనూ మర్యాదగా నొక్కాడు. జాతకం చూస్తున్నాడేమో అనుకున్నాడట, తర్వాత చెప్పాడు. పెద్దనాయన కళ్ళు సగం మూసుకుని, తల అడ్డంగా ఊపుతూ, మళ్ళీ నొక్కుతూ, చాలాసేపు బేరం చేశాడు. చివరికి తువ్వాల తీసి, “కుదిరింది” అన్నాడు. ఎంతకు కుదిరిందో షాపతనికీ తెలియదు, నాకూ తెలియదు. డబ్బాల మీద ఉన్న ధరే ఇచ్చి వచ్చాం. ఆయన మాత్రం చాలా తగ్గించాననే తృప్తితో చనిపోయాడు.

షాపతను సరదా పడి ఒక ఫోటో తీస్తానన్నాడు. “రా, జతకు నిలబడు” అని పెద్దనాయన నా మెడ చుట్టూ చెయ్యి వేసి లాగాడు. ఇంకో చేత్తో డిస్కుల డబ్బాలు. పెద్ద పందెంలో గెలిచినవాడి మాదిరి ఆయన నవ్వుతున్నాడు. నేను బలికి తెచ్చిన పొట్టేలు మాదిరి ఉన్నాను.

సర్వర్ కట్టాను. అద్భుతంగా నడిచింది. ఫోటోలన్నీ అందులోకి ఎక్కించి, ఇంటర్నెట్‌లో అద్దెకున్న చోటు ఖాళీ చేసి, ఫోన్లు ఖాళీ చేసి, బంధువుల ఫోన్లు కూడా కనబడినవి కనబడినట్టు శుభ్రం చేశాను. అన్నీ వచ్చాయా అని మా ఆవిడ అడిగింది. అన్నీ వచ్చాయి అన్నాను. ఇంకెక్కడా ఏమీ లేదని, అంతా మన గుప్పిట్లోనే ఉందని గొప్పగా చెప్పాను.

కొంత కాలానికి ఒక డిస్కు పోయింది. నేను కంగారు పడలేదు, పైగా సంతోషించాను. ఇట్లాంటి రోజు కోసమే కదా ఇంత చేసింది అని మా ఆవిడను పిలిచి కూర్చోబెట్టాను. కొత్త డిస్కు పెట్టి, మిగిలినదాని నుంచి అంతా దానికి ఎక్కించడం మొదలుపెట్టాను. సగంలో ఆ మిగిలినది కూడా పోయింది. ఒక ఈతవి కదా, ఒకే తీరుగా నడిచాయి.

బాగుచేసేవాళ్ళకు పంపాను. ఏమీ రాదని తిప్పి పంపారు. మా ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. “పాప నడిచింది యాడుండాది?” అని ఒక్క మాట అడిగింది. పాప మొదటిసారి నాలుగు అడుగులు వేసి మా నాయన పాత కుర్చీ పట్టుకుని నిలబడిన వీడియో అది. తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. పాపకు బడిలో చిన్నప్పటి ఫోటో తెమ్మన్నారు. ఇంట్లో ఒక్కటి లేదు. నా బిడ్డకు చిన్నతనమే లేకుండా చేశానని అప్పుడు నాకు తెలిసొచ్చింది.

పెద్దనాయన వచ్చేసరికి నేను వెనక గదిలో చచ్చిన డిస్కుల ముందు కూర్చుని ఉన్నాను. జరిగింది చెప్పాను. రెండూ ఒకే ఈతవి కావడం వల్లే ఇట్లా జరిగిందని కూడా చెప్పాను. ఆయన ఒకదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

“ఎద్దులకైతే నా మాట నిజమే” అన్నాడు. “ఒకటి పోతే రెండోది మేత మానేసి శానా కష్టపడి పోతాది. ఇవి నయం, బేగా పోయినాయి.”

నాకు ఒళ్ళు మండింది. ఆయన డిస్కు కింద పెట్టి, “ఈ ఫోటోలు తీసినంక ఎవురికన్నా పంపినావా?” అని అడిగాడు.

“పంపినాను పెద్దనాయనా. వాట్సప్‌లో, అందరికీ. పిల్ల తుమ్మినా పంపేవాణ్ణి.”

“అయితే ఇవి ఒంటివి యాడైనాయి? ప్రతిదానికీ జత యాడో ఒకకాడ ఉంటాది. లెయ్.”

అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడూ రైతుల కోసం చేసే పని మొదటిసారి నా కోసం చేశాడు. “పిల్లకు పుట్టెంట్రుకలు తీసినప్పుడు కోయిలకుంట్ల పిన్నమ్మ ఫోన్ ఎత్తి పట్టుకోనుండె. శిరివెళ్లలో మీ నాయన కాడ గుమాస్తాగా చేసినాయప్ప, పిల్ల బొమ్మ ఫోన్ మీద పెట్టుకున్యాడు, నాకు చూపించినాడు. ఆళ్ళగడ్డలో నా బిడ్డకు ప్రతి పండగకీ పంపుతాంటివి.” ఎద్దుల్ని గుర్తుపెట్టుకున్నట్టే, నా బిడ్డను చూసి మురిసిన మొహాలన్నీ ఆయన గుర్తుపెట్టుకున్నాడు. నేను సిగ్గుపడాల్సింది ఏమిటంటే, వాళ్ళలో సగం మంది పేర్లు నాకు గుర్తు లేవు.

ఆ తర్వాత ఆయనా నేనూ బస్సుల్లో, ఆటోల్లో తిరిగాం. ప్రతి ఇంట్లోనూ ఆయన వరస ఒకటే. గడపలో నిలబడి, “మా పిల్లోని ఫోటోలు ఒంటివైనాయమ్మా, జత ఉంటే చూడు” అనేవాడు. ఎద్దుల కోసం వచ్చాడేమో అనుకుని కొందరు, మాకు ట్రాక్టరుండాది అని చెప్పేవాళ్ళు. కోయిలకుంట్ల పిన్నమ్మ ఫోన్ అద్దం పగిలి ఉంది. దాంట్లో ఏది ఎట్లా తీసేయాలో ఆమెకు తెలియదు కాబట్టి అన్నీ ఉన్నాయి. నేను పోయినేడు శుభ్రం చేసి పెట్టిన ఫోన్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి, ఏమీ లేవు. ఒకాయన నన్ను గుర్తుపట్టి, “నువ్వే గదప్పా అన్నీ తీసేసిపోతివి” అన్నాడు. పెద్దనాయన నా వైపు చూడకుండా మర్యాద చేశాడు.

చివర్లో కంప్యూటర్ల షాపుకు కూడా తీసుకుపోయాడు. “ఆ పొద్దు తీసినావే, అది కూడా ఎక్కించు” అన్నాడు షాపతనితో. పాప లేని ఫోటో ఎందుకు పెద్దనాయనా, మనం వెదికేది అది కాదు కదా అన్నాను. “ఉండనీలే” అన్నాడు.

చాలా వరకు దొరికాయి. చిన్నవి, మసకవి, చేతులు మారి మారి రంగు వెలిసినవి. వాటిని ఇప్పుడు మూడు చోట్ల పెట్టాను, వేరే వేరే ఈతలవి. నంద్యాల మొత్తంలో అంత మసక ఫోటోలు అంత వేగంగా తెరుచుకునే ఇల్లు ఇంకొకటి ఉండదని గట్టిగా చెప్పగలను. మా ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది. పాప నడిచిన వీడియో మాత్రం ఎక్కడా దొరకలేదు. పెద్ద ఫైలని ఎవరికీ పంపలేదు నేను. ఆ సంగతి పెద్దనాయనకు చెప్పాను. ఆయన మా పాపను పిలిచి, ఆ కుర్చీ దగ్గర నిలబెట్టి, ఆ రోజు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచిందో, ఎక్కడ తూలిందో, తాను ఎట్లా చెయ్యి అడ్డం పెట్టాడో చూపించాడు. ఆ రోజు ఆయన ఇంట్లో ఉన్నాడని నాకు అప్పటిదాకా జ్ఞాపకమే లేదు. ఆ వీడియోకు జత ఆయనే. ఇప్పుడు ఆ జతా లేదు, నాకు చాలా దిగులుగా ఉంది.

ఇంతకూ ఫ్లెక్సీ ఫోటో.

వచ్చినవన్నీ ఒక్కొక్కటే తెరిచి కత్తిరించి చూశాను. ఒకదాంట్లో ఆయన చెవి పక్కన కొమ్ము మిగిలింది. ఒకదాంట్లో ఎవరిదో మోచెయ్యి. అన్నిటికంటే బాగున్నది కంప్యూటర్ల షాపులోదే. ఆయన నవ్వుతున్న ఫోటో అదొక్కటే. నన్ను కత్తిరిస్తే ఆయన చెయ్యి తెగిపోతోంది. చెయ్యి ఉంచితే నా చెవి, సగం దవడ ఉండిపోతున్నాయి. అవసరం లేని మనుషుల్ని దానంతటదే చెరిపేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది కదా అని అది వాడాను. నన్ను శుభ్రంగా చెరిపేసింది. ఆయన చేతిని మాత్రం వెనకున్న ప్రింటర్ మెడ చుట్టూ వేసింది.

విసిగిపోయి కత్తిరించని ఫోటో కూడా కలిపి పంపాను. ఎట్లా చేసినా నేను మిగిలిపోతున్నానమ్మా, నువ్వే చూసుకో అని చెప్పాను.

ఆయన కూతురు కాసేపటికి ఫోన్ చేసింది. “అన్నా, ఇద్దరుండేదే ఇచ్చేసినా.”

“అదేందమ్మా, నేను బతికే ఉండాను గదా.”

“అమ్మ పోయినప్పటి నుంచి నాయన ఒంటిగా ఫోటో దిగలేదన్నా. అమ్మ నిలబడే పక్క ఎవురో ఒకరిని నిలబెట్టుకుంటాండె. ఇప్పుడు ఒంటిగా ఏంటికి నిలబెట్టాల?”

ఆ రెండో టీ, ఆ ఎడమ పక్క, ఆ చెప్పులు, అన్నీ ఎద్దుల అలవాట్లనే ఇన్నేళ్ళూ అనుకున్నాను నేను. మా ఇంట్లో అన్నం తిన్నన్నాళ్ళూ ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. సరేనమ్మా అన్నాను.

దినం రోజు ఆళ్ళగడ్డలో బస్సు దిగేసరికి నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆయన నవ్వుతున్నాడు, పక్కన పొట్టేలు మొహంతో నేను. ఫ్లెక్సీ కొట్టే అతను ఏ ఒక్కరికీ అన్యాయం చేయకుండా ఒకే పూలదండ ఇద్దరికీ కలిపి వేశాడు. పైన ‘కన్నీటి నివాళి’ అని పెద్ద అక్షరాలు. పొద్దున్నుంచే ఫోన్లు మొదలయ్యాయి. నేను ఎత్తితే అవతల ఉలిక్కిపడుతున్నారు. మా ఆవిడకు ఓదార్పు ఫోన్లు వస్తున్నాయట, ఒకామెకు నేను బతికే ఉన్నానని కాసేపు చెప్పనే లేదట కూడా.

ఎదురుగా ఆయన టీ కొట్టు. పోయి నిలబడ్డాను. కొట్టతను ఫ్లెక్సీని చూశాడు, నన్ను చూశాడు.

“అది నువ్వే గదప్పా?”

“నేనే.”

“మరి దాంట్లో ఏంటికుండావ్?”

“జతకు నిలబడినా” అన్నాను.

అతను తల ఊపాడు, అందులో అర్థం కానిది ఏమీ లేదన్నట్టు. నేను చెప్పకుండానే రెండు టీలు పోసి ముందు పెట్టాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. కాసేపు అటు తిరిగి నిలబడి, కళ్ళు తుడుచుకుని, రెండో గ్లాసు చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి చూశాను. తలగుడ్డ చుట్టుకున్న ఒకాయన బస్టాండు వైపు పోతున్నాడు.

“ఓ పెద్దాయనా, రా, టీ తాగుదువు.”

ఆయన ఆగాడు. నన్ను చూసి, ఫ్లెక్సీని చూసి, మళ్ళీ నన్ను చూశాడు. తర్వాత నా పాదాలు ముందుకే ఉన్నాయా, వెనక్కి తిరిగి ఉన్నాయా అని వంగి చూసుకుని, వచ్చి గ్లాసు అందుకున్నాడు.